శిశువుల శ్వాసరోగమున ఔషధసమ్మేళనము – శాస్త్రమర్యాద

పాల్వంచ పరిసరములలో పసిబిడ్డకు జ్వరము, దగ్గు వచ్చి, ఊపిరి వేగముగా ఆడుచు, గాలి పీల్చినప్పుడెల్ల ప్రక్కలు లోనికి పోవుచున్నచో తల్లులు ‘నిమ్ము చేరినది’ అందురు. ‘డొక్కలు ఎగరవేయుచున్నాడు’ అనియు అందురు. ఆసుపత్రిలో దీనినే న్యుమోనియా అని వ్రాయుదురు. సంస్కృత వైద్యగ్రంథములలో ఈ వ్యాధికి సరియగు పేరేది అను ప్రశ్న పండితగోష్ఠులలో తరచుగా వినవచ్చును. శ్వసనకజ్వరము అను పేరు నేడు వ్యాప్తిలో ఉన్నది గాని అది చరకసుశ్రుతుల మాట కాదు. మహామహోపాధ్యాయ గణనాథ సేన్ 20వ శతాబ్దిలో తన సిద్ధాంతనిదానమున వాడిన పేరు. ప్రాచీనులు ఈ లక్షణములను కొన్నిటిని శ్వాసప్రకరణమునను, కొన్నిటిని కాసమునను, కొన్నిటిని సన్నిపాతజ్వరములందును చెప్పిరి. రోగమునకు పేరు తెలియనంతమాత్రమున వైద్యుడు సిగ్గుపడనక్కరలేదనియు, రోగములన్నిటికిని స్థిరమైన పేర్లు ఉండవనియు చరకుడు సూత్రస్థానముననే చెప్పియుండుటచే పేరును గూర్చిన వివాదము ఇంతటితో చాలును.

విచారింపవలసిన విషయము వేరొకటి కలదు. ఈ రోగమున మూలికాయోగములను, ఆసుపత్రి మందులను కలిపి వాడవచ్చునా? వాడదగినచో ఏది ముందు, ఏది వెనుక? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2019లో ఒక్క సంవత్సరముననే ఐదేండ్లలోపు పిల్లలు 7,40,180 మంది న్యుమోనియాచే మరణించిరి. ఆ వయస్సున కలుగు మరణములలో ఇది నూటికి 14 వంతులు. కావున ఈ ప్రశ్న కేవలము వాదమునకు ఎత్తుకొనదగినది కాదు.

మొదట కాలమును గూర్చి చెప్పవలెను. ప్రాణములను హరించు రోగములు అనేకములున్నను శ్వాసహిక్కలు హరించినంత వేగముగా వేరేవియు హరింపవని చరకుని చికిత్సాస్థానమున 17వ అధ్యాయము చెప్పుచున్నది. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొన్నచో తక్కిన విచారణ చాల వరకు సులభమగును. శ్వాసరోగమున ఆలస్యమే ప్రధానశత్రువు. పెద్దలకు రెండు మూడు దినముల వ్యవధి ఉండవచ్చును గాని, మూడు నెలల శిశువునకు ఒక రాత్రి కూడ వ్యవధి లేకపోవచ్చును.

మాటలు రాని శిశువు బాధను ఎట్లు గ్రహింపవలెను? ఈ ప్రశ్నకు కాశ్యపసంహితలోని వేదనాధ్యాయము ప్రత్యేకముగా సమాధానము చెప్పినది. నేపాళమున లభించిన శిథిలప్రతి ఆధారముగా 1938లో అచ్చయిన ఈ గ్రంథమున, శ్వాసము కలిగిన శిశువు రొమ్మునుండి మూలుగుచు మిక్కిలి వేడి ఊపిరి విడుచునని చెప్పబడినది. అచటి క్రియాపదము సామాన్యమైన ఏడుపును చెప్పునది కాదు. ఊపిరి విడుచునప్పుడు లోపలినుండి వచ్చు మూలుగును చెప్పునది. నేటి శిశువైద్యులు సైతము ఊపిరి విడుచునప్పటి మూలుగును తీవ్రమైన న్యుమోనియాకు గుర్తుగా ఎంచుదురు. గ్రంథకర్త శిశువు ప్రక్కన కూర్చుండి విన్నవాడనుటకు ఈ ఒక్క పదమే చాలినది.

సంఖ్యను గూర్చి మాత్రము ప్రాచీనవైద్యులు ఊరకుండిరి. సంఖ్య యోగశాస్త్రమున కలదు. అహోరాత్రమునకు శ్వాసలు 21,600 అని యోగులు లెక్కించిరి. అనగా నిమిషమునకు 15. ఆరోగ్యవంతుడగు పెద్దవానికి ఇది సరిపోవు లెక్కయే. శిశువునకు సహజముగనే శ్వాస వేగము ఎక్కువ. కావున ఆధునికులు వయస్సునుబట్టి హద్దులు ఏర్పరచిరి. రెండు నెలలలోపు శిశువునకు నిమిషమునకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి ఐదేండ్లలోపు 40. అంతకు చేరినను, మించినను అది వేగశ్వాసము. దగ్గుతోనో, ఊపిరాడని బాధతోనో వచ్చిన బిడ్డకు ఇది ఉన్నచో న్యుమోనియాగా భావించి చికిత్స చేయవలెను. బిడ్డ ఏడ్వక నెమ్మదిగా ఉన్నప్పుడు, పొట్టమీది వస్త్రము తొలగించి, నిండు నిమిషము లెక్కింపవలెను. దీనికి వైద్యపట్టము అక్కరలేదు.

అక్కరలేదనుటకు నిదర్శనము దూరమున లేదు. గోదావరీ ప్రాణహితల ఆవలి ఒడ్డున, సిరొంచవైపు తెలుగు మాటయు వినవచ్చు గడ్చిరోలి జిల్లాలో, డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో ‘సర్చ్’ అను సంస్థను స్థాపించిరి. వారు గ్రామ కార్యకర్తలకు, మంత్రసానులకు శ్వాస లెక్కించుట నేర్పి, కోట్రైమాక్సజోల్ అను మందు చేతికిచ్చిరి. చదువు రాని మంత్రసానికి పూసల సాధనమొకటి చేసియిచ్చిరి. ఇసుక గడియారమున నిమిషము జారులోపల పది శ్వాసలకొక పూస చొప్పున జరుపుచు పోగా ఎఱ్ఱపూస వచ్చినచో అది నిమ్ము. 1990లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితమును బట్టి, వీరు చికిత్స చేసిన 612 రోగములలో మరణములు నూటికి 0.8; ఈ ఏర్పాటు లేని పోల్పు గ్రామములలో నూటికి 13.5. మంత్రసాని తన చేతివాటమును, నాటుమందులను విడిచిపెట్టలేదు. ఆమె చేతికి పూసలు, మందు అదనముగా వచ్చినవి.

ఇక పాల్వంచ సంగతి. 2016వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, ఆపైన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు రెండు ముఖములు కలవు. ఒకవైపు 1960 దశకమునుండి వెలసిన తాప విద్యుత్కేంద్రము, ఉద్యోగుల నివాసములు, మందుల దుకాణములు. వేరొకవైపు కిన్నెరసాని అభయారణ్యము, దాని అంచుల కోయ గూడెములు. పట్టణముననున్న బిడ్డ గంటలోపల వైద్యుని చేరును. వాగులు పొంగిన వానకాలమున గూడెములోని బిడ్డ చేరుటకు ఎంత కాలము పట్టునో చెప్పజాలము. గుడిసెలోని పొయ్యి పొగయు, తక్కువ బరువుతో పుట్టుటయు, తల్లిపాలు త్వరగా మాన్పుటయు ఈ రోగమునకు తోడ్పడు కారణములు.

ఇట్టి చోట బిడ్డ రెండు చేతుల నడుమ నలుగుచుండును. మొదట ఇంటి ముసలమ్మ, ఆపైన గూడెము వెజ్జు, వారివలన కానప్పుడు ఆసుపత్రి. ఆసుపత్రి వైద్యునికి అంతకుముందు ఏమి త్రాగించినారో తెలియదు. అడిగినచో గద్దింతురేమో అను భయముచే తల్లి చెప్పదు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆసుపత్రి మందు ఎన్ని దినములు వాడవలెనో వెజ్జునకు తెలియదు. రెండు వైద్యములు కలిసినవని పైకి కనబడును గాని నిజమునకు అవి ఒకదానినొకటి చూడనే లేదు. దీనిని సమ్మేళనమనుట పొరపాటు.

ఈ సందర్భమున వాతలను గూర్చి చెప్పక తప్పదు. డొక్కలు ఎగరవేయు బిడ్డకు పొట్టమీద కాల్చిన ఇనుపకమ్మితోనో, పసుపుకొమ్ముతోనో చురకలు పెట్టు ఆచారము తెలుగు పల్లెలందును, మధ్యభారతపు అడవులందును కలదు. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని షహడోల్ జిల్లాలో ఇట్లు కాల్చబడిన మూడు నెలల ఆడుబిడ్డ మరణించుట దేశమంతటను వార్త అయ్యెను. ఇది ప్రాచీనమైన అగ్నికర్మయే కదా, శాస్త్రసమ్మతమే కదా అని సమర్థించువారు కొందరు కలరు. వారు సుశ్రుతుని సూత్రస్థానమున 12వ అధ్యాయమును పూర్తిగా చదువలేదని చెప్పవలెను. అగ్నికర్మ ఎవరికి చేయరాదో సుశ్రుతుడు అచటనే పేర్కొనెను. ఆ నిషేధపు పట్టికలో దుర్బలుడు, బాలుడు, వృద్ధుడు, భీరువు వరుసగా కలరు. కావున శిశువునకు వాత పెట్టుట ఆసుపత్రి శాస్త్రమునకే కాదు, సుశ్రుతశాస్త్రమునకును విరుద్ధమే. ముక్కులో నూనెచుక్కలు వేయుటయు, ఏడ్చుచున్న బిడ్డను పట్టుకొని ఆముదము బలవంతముగా పోయుటయు ఇట్టివే. నూనె దారితప్పి ఊపిరితిత్తులలోనికి పోయినచో అదియే వేరొక నిమ్మునకు కారణమగును.

రెండు వైద్యములు ఒక్క చేతిలో ఉన్నచో ఎట్లుండునో చూచుటకు జపాను దేశము తగిన దృష్టాంతము. ఆ దేశపు మూలికావైద్యమును కంపో అందురు; చీనా దేశమునుండి వచ్చిన పద్ధతి అని ఆ మాటకు అర్థము. అయినను అందు భారతీయాంశ లేకపోలేదు. క్రీ.శ. 741లో షోము చక్రవర్తి ప్రతి మండలమునను ఆలయములు కట్టించి ఏ సూత్రమును ప్రతిష్ఠింపజేసెనో ఆ సువర్ణప్రభాససూత్రమున వ్యాధిప్రశమనమను అధ్యాయమొకటి కలదు. తండ్రివద్ద కుమారుడు త్రిదోషములను, ఋతువులను గూర్చి నేర్చుకొను కథ అది. 756లో కోమ్యో మహారాణి నారా నగరమందలి తొదైజీ ఆలయమునకు సమర్పించిన 60 ఔషధముల పట్టిక నేటికిని షోసోయిన్ భాండాగారమున భద్రముగా ఉన్నది. అందు ‘కరిరొకు’ అను పేర హరీతకియు, ‘హిహత్సు’ అను పేర పిప్పలియు కనబడును. పిప్పలి యను సంస్కృతశబ్దము చీనాభాష మీదుగా పోయి అట్లు మారినది. భద్రాచలము అడవులలో గిరిజనులు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ము కరక్కాయ జాతియే ఆ హరీతకి.

జపానువారు 19వ శతాబ్ది చివర పాశ్చాత్యవైద్యమున పరీక్ష నెగ్గినవారికే వైద్యాధికారమని శాసించిరి. తమకును అనుమతి కావలెనని కంపో వైద్యులు పెట్టుకొన్న విన్నపమును 1895లో వారి శాసనసభ త్రోసిపుచ్చినది. ఆనాడు అది ఆ విద్యకు మరణశాసనమువలె తోచియుండును. ఫలితము వేరుగా వచ్చినది. కంపో యోగమును వ్రాయువాడును, సూదిమందు వ్రాయువాడును ఒక్కడే అయ్యెను. 1967లో ఆరోగ్యబీమాలో చేరనారంభించిన ఈ యోగములు 1976లో విరివిగా చేరి, నేటికి 148 అయినవి. 2001నుండి వైద్యకళాశాలల పాఠ్యప్రణాళికలోనే కంపో కలదు. అచట శిశువునకు న్యుమోనియా వచ్చినచో సూక్ష్మజీవులను చంపు మందునకు బదులుగా కంపోను నమ్ముకొని ఊరకుండుట వైద్యధర్మము కాదు. మూలమగు చికిత్స నడుచుచుండగా దగ్గునకో, తగ్గిన ఆకలికో, వ్యాధ్యనంతర దౌర్బల్యమునకో ఆ యోగములను చేర్చుట కలదు.

దగ్గునకు, పిల్లల ఉబ్బసమునకు వారు వాడు మాక్యోకాన్‌సెకితో అను కషాయమున నాలుగే ద్రవ్యములు: మావో అను ఎఫెడ్రా, జల్దారు పప్పు, అతిమధురము, గోదంతివంటి జిప్సమ్. మన బాలచాతుర్భద్రమునను నాలుగే: తుంగముస్తలు, పిప్పళ్లు, అతివస, కర్కాటకశృంగి. చక్రదత్తమున శిశువుల జ్వరమునకు, అతిసారమునకు, కాసమునకు, శ్వాసమునకు, వాంతికి ఈ యోగము విధింపబడినది. సంఖ్యాసామ్యమును చూచి ఉబ్బిపోవుట తగదు; ద్రవ్యముల గుణములు వేరు. మావోనుండి 1885లో నాగాయ్ నాగయోషి అను జపాను రసాయనవేత్త ఎఫెడ్రిన్ అను సారమును వేరుచేసెను. అది ఊపిరిగొట్టములను విప్పును, గుండె వేగమునుకూడ పెంచును. కావున ఉబ్బసమునకిచ్చు థియోఫిలిన్ వంటి మందులతో కలిపి ఇచ్చునప్పుడు జాగరూకత అవసరమని జపాను ఔషధపత్రములందే వ్రాయబడియుండును. అతిమధురము అధికమైనచో రక్తమున పొటాషియము తగ్గును.

ఇంతకంటె గంభీరమైన పాఠము షోసైకోతో అను యోగమువలన వచ్చినది. ఏడు ద్రవ్యముల ఈ ప్రాచీనకషాయమును దీర్ఘకాలిక కాలేయరోగమున జపానువారు విశేషముగా వాడుచుండిరి. అదే రోగమునకు ఇంటర్‌ఫెరాన్ అను సూదిమందు వచ్చిన పిమ్మట కొందరికి రెండును కలిసి అందినవి. అట్టివారిలో కొందరికి ఊపిరితిత్తుల కణజాలమే వాచి ఊపిరాడని స్థితి కలిగెను. 1994లో ఈ రెంటిని కలిపి వాడరాదని నిషేధించిరి. 1996లో జపాను ఆరోగ్యశాఖ ఈ యోగము వాడినవారిలో పది మరణములను ప్రకటించి హెచ్చరించెను. వేలయేండ్లుగా వాడుచున్నదగుటచే హాని లేదను వాదము దీనితో నిలువదు. ఆ వేలయేండ్లలో ఇంటర్‌ఫెరాన్ లేదు కదా! విడివిడిగా హితములైన ద్రవ్యములు కూడినప్పుడు అహితములగుటను చరకుడు సంయోగవిరుద్ధమని పేర్కొనెను. పులుపును పాలతో చేర్చుట అందులకు ఉదాహరణము. ఆ సూత్రమునకు ఇది నూతనోదాహరణమని గ్రహింపవచ్చును. జపానువారు దానిని కనుగొనగలిగినది రెండు మందులును ఒకే చీటీమీద ఉండుటచేతనే.

భారతదేశమున ఆయుర్వేదపట్టమునకు, పాశ్చాత్యవైద్యపట్టమునకు వేర్వేరు చదువులు, వేర్వేరు శాసనములు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చిన పిమ్మట ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఆయుర్వేదవైద్యుని గదియు చేర్చు ఏర్పాటు మొదలైనది. కప్పు ఒక్కటైనను చీటీలు రెండుగానే ఉండుట పెద్దలోపము.

శాస్త్రములు సహజముగా పగగొన్నవేమియు కావు. ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితమే ఇందులకు సాక్షి. కంపో వైద్యుల విన్నపము త్రోసివేయబడిన ఆ 1895లోనే భీమవరమున జన్మించిన ఆయన, తాను గ్రహణిరోగపీడితుడై ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొని, మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలోనే బోధకుడుగా ఉండి, తరువాత అమెరికా చేరెను. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనాధ్యక్షుడుగా ఉండగా బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ వర్గమున మొదటిదియగు ఆ మందు న్యుమోనియాకు వాడబడినది. దంతములకు రంగు పట్టించు దోషముచే ఆ వర్గపు మందులను నేడు చిన్నపిల్లలకు సామాన్యముగా ఇయ్యరు. మందు ఎంత గొప్పదైనను వయస్సును చూడవలెననుటకు అదియు ఒక ఉదాహరణమే.

అడ్డసరము కథయు తెలుసుకొనదగినది. కాసశ్వాసములకు ప్రసిద్ధమైన ఈ వాసాపత్రమునందలి వాసిసిన్ అను సారమును ఆధారముగా గొని 1960 దశకమున బ్రోమ్‌హెక్సిన్ నిర్మింపబడెను. దానినుండి వచ్చిన ఆంబ్రాక్సాల్ నేడు ప్రతి మందుల దుకాణమునను కఫము పలుచబరచు మందుగా లభించును. పిప్పలి విషయమున భారతీయులే వేరొక దారి త్రొక్కిరి. అందలి పైపరిన్ ఇతర ఔషధములు శరీరమున నిలుచు ప్రమాణమును పెంచునని జమ్మూలోని పరిశోధనశాలలో కనుగొని, క్షయరోగపు మందగు రిఫాంపిసిన్ మోతాదును 450 మిల్లీగ్రాములనుండి 200కు తగ్గించి, పిప్పలీసారముతో చేర్చిన గోళిని 2009లో విడుదల చేసిరి. యోగవాహియను ప్రాచీనభావనకు ఇంతకంటె స్పష్టమైన ప్రయోగము లేదు. అయితే ఇందు ఒక హెచ్చరికయు కలదు. పిప్పలి ఒక మందును పెంచగలిగినప్పుడు వేరొక మందునుకూడ హద్దు మీర పెంచవచ్చును. మూర్ఛకు మందు వాడుచున్న బిడ్డకు, ఉబ్బసమునకు థియోఫిలిన్ వాడుచున్న బిడ్డకు వైద్యునికి తెలుపక పిప్పళ్ల చూర్ణము పెట్టరాదు.

కావున పాల్వంచవంటి చోట క్రమము ఇట్లుండవలెను. శ్వాస లెక్కకు మించినచో, డొక్కలు లోనికి పోవుచున్నచో, ఆ దినముననే ఆరోగ్యకేంద్రము. వెజ్జు ఇంటికి వచ్చిన బిడ్డనైనను వెజ్జే పంపవలెను. పాలు త్రాగలేకున్నను, త్రాగినదెల్ల వాంతియగుచున్నను, మూర్ఛ వచ్చినను, పిలిచిన పలుకక మత్తుగా ఉన్నను, రెండు నెలలు నిండని శిశువైనను కేంద్రముతో సరిపెట్టక పెద్దాసుపత్రికే పోవలెను. అచట ప్రాణవాయువు కావలసియుండును. రక్తమున దాని ప్రమాణము నూటికి 90కి తగ్గినదా అని వ్రేలికి తొడుగు చిన్నయంత్రము చెప్పును. తక్కిన పిల్లలకు అమాక్సిసిల్లిన్ నోటిద్వారా ఐదు దినములు ఇచ్చి, రెండు మూడు దినములకు మరల చూడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 సూచనల సారాంశము. కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన ‘సాన్స్’ కార్యక్రమమున ఆశా కార్యకర్త సైతము బిడ్డను పంపుటకు ముందు తొలి మోతాదు వేయవచ్చును. న్యూమోకాకస్ టీకా 2021నుండి దేశమంతటను ఉచితముగా లభించుచున్నది.

రెండవ దినమున జ్వరము తగ్గగానే మందు మాన్పుట ఇండ్లలో సామాన్యముగా జరుగు తప్పు. మూలికావైద్యుడు ఇచటనే గొప్ప ఉపకారము చేయగలడు. తల్లి తన మాట వినును గనుక ఐదు దినములును ఆసుపత్రి మందు తప్పక వేయింపగలడు. ఆపైన మిగిలిన దగ్గునకు, అరుచికి, సన్నగిలిన దేహమునకు బాలచాతుర్భద్రాదులకు అవకాశము కలదు. అతివస హిమాలయద్రవ్యము, విపణిలో దానికి మారుగా విషజాతి నాభివేరు కలిసినచో ప్రమాదము గనుక తెలియని అంగడి చూర్ణము కొనరాదు. మోతాదునకు కాశ్యపుని లేహాధ్యాయము ప్రమాణము: అప్పుడే పుట్టిన శిశువునకు వాయువిడంగపు గింజయంత మొదలుకొని నెలనెలకు పెంచుచు ఉసిరికాయయంతకు మించరాదని ఆయన హద్దు. పాలు మాత్రమే త్రాగు శిశువు విషయమున తల్లికిని ఔషధమిచ్చు సుశ్రుతుని పద్ధతి గమనింపదగినది. కాని తల్లి మరల గర్భవతియైనచో అడ్డసరము ఇయ్యరాదు. అది గర్భాశయమును సంకోచింపజేయును.

అనుపానమును గూర్చి ఒక్క మార్పు అవసరము. ఈ చూర్ణములన్నిటికిని గ్రంథములలో తేనె అనుపానము. ఏడాది నిండని శిశువునకు తేనె ఇచ్చినచో అందుండదగు ఒక సూక్ష్మజీవి పేగులలో పెరిగి నరములను చచ్చుపరచు విషమును పుట్టించునని 1970 దశకమునుండి తెలిసియున్నది. శిశువునకు ఆ రోగము వచ్చినచో మొదట పాలు చప్పరించు బలము తగ్గును, పిదప ఊపిరియే కుంటుపడును. అప్పుడే నిమ్మునుండి లేచిన బిడ్డకు అది మరింత కష్టము. కాన ఏడాదిలోపు తేనెను విడిచి తల్లిపాలతో చూర్ణమును రంగరించి నాకింపవలెను. స్తన్యము అనుపానముగా బాలచికిత్సాగ్రంథములందు సమ్మతమే.